మా అన్న తన్నిన రెండో స్టూలు

నా జన్మలో నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్చుకున్న విద్య ఒక్కటే. చూపున్న మనిషి చూపు లేనట్టు నడవడం. అందులోనూ తప్పాను. దొంగతనం చేతకాక దొరికినవాళ్లున్నారు. నాటకంలో పద్యం మరిచిపోయి తిట్లు తిన్నవాళ్లున్నారు. నిజంగానే చూపు పోతున్న మనిషి, అది తెలియక, చూపు పోయినట్టు నటించబోయి, నటన బాగాలేదని దొరికిపోవడం మాత్రం నా ఒక్కడికే రాసిపెట్టి ఉందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పటికీ కంట్లో చుక్కలు వేసుకోవడానికి తల వెనక్కి వాల్చినప్పుడల్లా ముందు సిగ్గు పడుతుంది, తర్వాతే మందు పడుతుంది.

ఆ విద్య నేర్పిన గురువు మా అన్న. మాది కరీంనగర్ జిల్లాలో నేతవాళ్ల ఊరు. అన్న 1969లో మగ్గం గుంటలోంచి లేచి, బట్టలు దులుపుకుని, బొగ్గు బాయిలోకి దిగాడు. గుంట మారింది, లోతు పెరిగింది, అంతే తేడా అనేవాడు. కొన్నేళ్లకు నన్నూ శ్రీరాంపూర్ లాక్కుపోయాడు. పదో తరగతి గట్టెక్కినందుకు నాకు బాయి లోపల కాక పైన, దీపాల గదిలో పని దొరికింది. షిఫ్టుకు దిగేవాళ్లకు తలకు పెట్టుకునే దీపాలు ఇవ్వాలి, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని చార్జింగుకు పెట్టాలి. ఊరందరికీ వెలుగు పంచే ఉద్యోగమని పెళ్లిచూపుల్లో మా వాళ్లు చెప్పుకున్నారు కూడా.

బాయిల దిక్కు 'అన్‌ఫిట్' అనే మాటకు వేరే గౌరవం ఉండేది. ఈ మనిషి ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, తండ్రి ఇంటికి వస్తాడు, ఆయన ఉద్యోగం కొడుక్కి వస్తుంది. నడుము నిజంగా విరిగినవాళ్లకు అది ఆసరా. విరగనివాళ్లకు అది ఆశ. అన్‌ఫిట్ కావడానికి కూడా ఒక ఫిట్‌నెస్ కావాలని నాకు తర్వాత తెలిసింది.

మా అన్న కళ్ల మీద అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన కొడుకు బాయిలో చేరాడు. కళ్లు పోయిన అన్న ఆ మర్నాటి నుంచి కాలనీ చౌరస్తా హోటల్లో కూర్చుని పేపరు చదివేవాడు. చదవడం అయ్యాక తన గెలుపు కథ చెప్పేవాడు. అందరూ ఎన్నోసార్లు విన్నదే. అయినా ఎవరో ఒకరు చాయ్ చెప్పి మరీ అడిగేవారు.

"కాకా, జర గా స్టూళ్ల ముచ్చట చెప్పే."

"ఏమున్నదిరా చెప్పుటానికి," అంటూనే అన్న పేపరు మడిచేవాడు. "బోర్డు గదిలకు పోయిన. కుర్చీల ముగ్గురు డాక్టర్లు. తొవ్వల ఒక స్టూలు. సక్కగ చూసుకుంట పొయ్యి దాన్ని తన్నిన. కిందవడ్డది. డాక్టర్లు ఒకల మొకాలు ఒకలు చూసుకున్నరు. ఇగ రెండో స్టూలు ఇనున్రి. దాన్ని నేను తన్నలే. అదే వచ్చి మోకాలుకు తాకింది. బొక్కబోర్ల పడ్డ. దేవుడు తోడుంటే గట్లుంటది పని."

"మరి కంట్ల లైటు కొట్టి చూడలేదా?"

"చూసిన్రు. కండ్ల డాక్టరైతే శానసేపు చూసిండు. చూసి చూసి, ప్రెషర్ అన్నడు, రోజు ఎయ్యాలె అని మందు బుడ్లు గూడ ఇచ్చిండు. నేను నాటకం ఆడితె వాళ్లు మందు ఇచ్చిన్రు. బయటికి వచ్చి మోర్ల పారబోసిన."

హోటలంతా నవ్వేది. నేను అందరికన్నా గట్టిగా నవ్వేవాణ్ణి, తమ్ముణ్ణి కాబట్టి.

అన్‌ఫిట్ అయ్యాక కూడా అన్న నటన మానలేదు. సైకిలు మీద పోతూ మేకలను గుద్దేవాడు. ఇంట్లో గడప తగిలేది, గుంజ తగిలేది. ఎవరైనా చూసి నవ్వితే కన్నుగీటేవాడు. "అన్‌ఫిట్ మనిషి ఫిట్టుగ నడిస్తె ఎవడన్న చాడి చెప్తడు. జర డ్యూటీల ఉండాలె గద," అనేవాడు. ఇంటి నుంచి చౌరస్తా దాకా ఆ డ్యూటీ ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు.

నా కొడుకు ఐటిఐ చదివి ఇంట్లో కూర్చున్న ఏడు, అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, పోరడు ఖాళీగ తిరుగుతుండు. నీ కండ్లు ఎన్నొద్దులు దాచుకుంటవ్?"

"నాకు నటన రాదన్నా."

"నాకు మాత్రం వచ్చునా? ముందుగాల ఇంట్ల షురూ చెయ్యి. పెండ్లాం నమ్మితె వాడ నమ్ముతది. కొడుకు నమ్మితె బోర్డు నమ్ముతది. ఎవ్వలకు చెప్పకు."

వారం తిరగకముందే నేను గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. నా భార్య నమ్మలేదు. ఆమెకు నా సంగతి పెళ్లయిన నాటి నుంచీ తెలుసు. "పక్కింటామె చీర రంగు కనవడ్తది గని, కాళ్ల కాడి బిందె కనవడదా నీకు?" అంది ఒకరోజు, ఒలికిన నీళ్లు తుడుస్తూ. కొడుకు మాత్రం నమ్మాడు. వాడు నన్ను అనుమానించే వయసు దాటిపోయాడు, నన్ను చూసి జాలిపడే వయసులోకి వచ్చాడు. నేను బయటికి బయల్దేరితే చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టేవాడు.

కళ్లు కనపడటం లేదని అర్జీ పెట్టుకుంటే, బోర్డుకు ముందు కరీంనగర్‌లో పరీక్ష చేయించుకు రమ్మన్నారు. అక్కడి ఒక కంటి ఆసుపత్రికి అప్పుడే కంప్యూటర్ మిషన్లు వచ్చాయి. ఒకటి పక్క చూపును కొలుస్తుంది, ఇంకొకటి కంటి వెనక ఫొటో తీస్తుంది. ఈ కబురు వినగానే అన్న మొహం కొంచెం మారింది. మనుషులను మోసం చేసిన అనుభవమే గాని ఆయనకు మిషన్లతో పరిచయం లేదు. అయినా గురువు గురువే.

"దాంట్ల లైట్లు కొడ్తయట. కనవడ్తె గుండీ నొక్కుమంటరట. అన్నిటికి నొక్కకు. మొత్తానికే నొక్కకపోతె డౌట్ వస్తది. ఆడొకటి ఈడొకటి నొక్కు. ఫికర్ చెయ్యకు, మిషన్ను చేసింది గూడ మనిషే గదా."

పొద్దున్నే బస్సెక్కాం, నేనూ కొడుకూ. గోదావరి దాటి, పెద్దపల్లి మీదుగా కరీంనగర్ చేరేదాకా వాడు నా చెయ్యి వదల్లేదు. బస్టాండులో దిగాక, "బాపు, మెట్టున్నది," "బాపు, పక్కకు జరుగు, రిక్షా వస్తుంది," "బాపు, బురద," అంటూ నడిపించాడు. బురద నాకు చక్కగా కనపడింది. గురువును తలుచుకుని అందులోనే కాలు పెట్టాను. వాడు నన్ను కుళాయి దగ్గరికి తీసుకుపోయి, గొంతుక్కూర్చుని, నా చెప్పు విప్పి కడిగి, కాలు కడిగి, తన జేబురుమాలుతో తుడిచి, మళ్లీ చెప్పు తొడిగాడు. వంచిన వాడి తల మీద సుడి ఎక్కడుందో కూడా నాకు కనపడుతోంది. ఆ నిమిషం నిజం చెప్పేసి ఉండాల్సింది. "బురద చూసుకోలేదు బిడ్డా" అన్నాను.

ఆసుపత్రిలో ఒక కంటికి గంత కట్టి, తెల్లటి పెద్ద గిన్నె లాంటి దాని ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఒక చోట ఆనించాలి, నుదురు ఒక చోట ఆనించాలి. మధ్యలో ఒక లైటు వెలుగుతూ ఉంటుంది, దాన్నే చూడాలి. చుట్టూ ఎక్కడో ఒక చిన్న చుక్క మిణుక్కుమని పోతుంది. కనపడితే చేతిలోని మీట నొక్కాలి. బతుకంతా దీపాలు లెక్కపెట్టి ఇచ్చినవాణ్ణి, ఆ రోజు కనపడిన దీపాన్ని కనపడలేదన్నాను. ఒకటి నొక్కాను, రెండు వదిలేశాను. మళ్లీ ఒకటి నొక్కాను. పాట తెలియనివాడు తాళం వేసినట్టు ఉండకూడదని మధ్యలో కొంచెం లయ మార్చాను కూడా. పని బాగానే కుదిరిందనుకున్నాను. రెండో కన్నూ అట్లాగే కానిచ్చాను.

తర్వాత కంట్లో ఏవో చుక్కలు వేసి, కొంతసేపు కూర్చోబెట్టి, ఇంకో మిషన్ దగ్గరికి తీసుకెళ్లారు. అది నన్నేమీ అడగలేదు. మీట ఇవ్వలేదు. "కదలకండి" అన్నారు, ఒక మెరుపు మెరిసింది, అయిపోయింది. ఇక్కడ నటించడానికి సందే లేదే అని ఒక్క క్షణం అనిపించింది గాని, కంటి వెనకాల ఏముంటుందిలే అనుకున్నాను.

డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ లోపలికి పిలిచింది. నాకు చెల్లెలుంటే ఆ వయసుంటుంది. గొంతు పెంచే రకం కాదు.

"పరీక్ష కొంచెం కష్టంగా అనిపించిందా?" అంది.

"అవును మేడం. కనపడితే కదా నొక్కడానికి."

"ఇదిగో ఈ చోట సన్నటి చుక్క వేస్తే మీరు నొక్కారు. కాసేపాగి అదే చోట దానికన్నా బాగా వెలిగే చుక్క వేస్తే నొక్కలేదు. ఒకసారి కాదు, చాలాసార్లు. మిషన్ అట్లా మధ్యమధ్యలో తనంతట తానే అడిగి చూసుకుంటుంది."

నా కొడుకు ఆమె చేతిలోని పరీక్ష కాగితం వైపు వంగాడు.

"అంటే ఏంది మేడం?" అన్నాడు.

"అంటే నాన్నగారికి కనపడినవి కూడా కనపడలేదన్నారు."

నా చెయ్యి అప్పటిదాకా వాడి చేతిలోనే ఉంది. వాడు లాక్కోలేదు. లాక్కుంటే బాగుండునని అనిపించింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

మా బాయిల దిక్కు నుంచి ఇట్లా వచ్చినవాళ్లను డాక్టరమ్మ ఇంతకుముందు చూసినట్టే ఉంది, ఎందుకని అడగలేదు. కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది. తెర మీద నారింజ రంగు గుండ్రం ఒకటి, దాని మీద ఎర్రటి గీతలు, ఎండాకాలంలో గోదావరి పాయల్లా. మధ్యలో ఒక పాలిపోయిన బిళ్ల.

"ఇది మీ కన్ను. చూపు తీసుకుపోయే నరం ఈ బిళ్ల దగ్గర బయల్దేరుతుంది. బిళ్ల మధ్యలో చిన్న గుంట అందరికీ ఉంటుంది. మీకు గుంట ఇంతయింది." కంప్యూటర్ గీసిన రెండు గీతలు చూపించింది. లోపలి గీత బయటి గీతను దాదాపు అంటుకుంటోంది. "లోపల ప్రెషర్ పెరిగి నరం ఎండిపోతోంది. నీటికాసులు అంటారు. నొప్పి ఉండదు, ఎదురుగా అంతా బాగానే కనపడుతుంది. పక్కల నుంచి తెలియకుండా పోతుంది."

"అంటే..."

"అంటే మీరు చూపు పోలేదనుకుని పోయినట్టు చేశారు. నిజానికి పోతోంది."

ఎన్నడూ నా దగ్గర నాలుగు కాసులు చేరలేదు. చేరితే గీరితే కళ్లలో చేరాయి. ఈ మాట నేను తర్వాత ఎంతోమందికి చెప్పి నవ్వించాను.

ఇంకోరోజు రమ్మని మళ్లీ చేసింది ఆ చుక్కల పరీక్ష. ఈసారి కనపడిన ప్రతి చుక్కకూ నొక్కాను. వచ్చిన బొమ్మలో ఎడమ పక్కన నల్లటి మరక ఉంది. మొదటిసారి నేను పెట్టిన అబద్ధాలన్నీ వెలుగున్న చోటే ఉన్నాయి. చీకటి ఉన్న చోట నేనేమీ కష్టపడనక్కర్లేకపోయింది.

మొదటి రోజు తిరుగు బస్సులో పెద్దపల్లి దాటాక, కొడుకు నా వైపు చూడకుండానే అడిగాడు.

"బాపు, నువ్వు గిట్లనే సక్కగ చూడు. మెడ తిప్పకు. ఎడమ దిక్కు ఏం కనవడ్తుంది?"

"ఏమున్నది, ఖాళీ సీటు."

"ఆడ ముసలాయిన కూసున్నడు బాపు. ఒళ్లె మేకపిల్ల ఉన్నది."

మెడ తిప్పి చూశాను. ఉన్నాడు. మేకపిల్ల నన్నే చూస్తోంది. ఆ ముసలాయన నవ్వి, "ఏంది పటేలా, కొంటవా?" అన్నాడు. నా కొడుకు కిటికీ వైపు తిరిగిపోయాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడనే అనుకోవాలని చూశాను.

వాడు నన్ను ఎన్నడూ నిలదీయలేదు. బోర్డు నేను ఇంకా పని చేయగలనని రాసింది, మందు వాడమంది. కొడుకు పెద్దపల్లిలో మోటార్లు చుట్టే దుకాణంలో చేరాడు. పోయేరోజు నా భార్యకు రెండు మందు బుడ్లు అప్పజెప్పి, "అవ్వ, బాపు ఎయ్యకున్నా ఏసిన అంటడు. నువ్వే ఎయ్యి," అన్నాడు. నాకు వినపడేట్టే అన్నాడు.

ఈ కాలమంతా చౌరస్తా హోటల్లో మా అన్నకు కొత్త కథ దొరికింది. స్టూళ్ల కథకు కొనసాగింపుగా నా కథ చెప్పడం మొదలుపెట్టాడు.

"మా తమ్మునికి కండ్లున్నయని కంప్యూటర్ చెప్తె గాని తెల్వలే. అరె, గుడ్డోని లెక్క ఉండుటానికి గూడ జర తెలివుండాలె. నేను ముగ్గురు డాక్టర్లను పడగొట్టిన. ఈడు ఒక్క డబ్బాను పడగొట్టలేకపోయిండు."

హోటలంతా నవ్వేది. ఈసారి నేను మాత్రం చాయ్‌లోకి చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఈ జబ్బు అన్నదమ్ములకు కూడా రావచ్చు, మీ అన్నను తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట చెబితే అన్న ఇంతెత్తున లేచాడు. "నాకు కండ్లు లేవని బోర్డే రాసిచ్చింది. ఇప్పుడు ఉన్నయని తేలితె నా కొడుకు నౌకరి నువ్విస్తవా?" అన్నాడు. అక్కడి సంగతి ఎవరికీ చెప్పరని, డాక్టరమ్మకు మన బోర్డుతో పని లేదని ఎంత చెప్పినా వినలేదు. చివరికి వదిన రంగంలోకి దిగింది. సలసల మరిగే నీళ్ల గిన్నెను ఆయన తన్నేసిన రోజు అది. పక్కనుంచి వస్తున్న మనవరాలికి వెంట్రుకవాసిలో తప్పింది.

"ఇంట్ల గూడ డ్యూటీ చేస్తున్నవా? పిల్ల మీద పడితె?" అంది వదిన.

అన్న ఆ మాటకు తలదించుకున్నాడు గాని, నాతో మాత్రం వేరేగా చెప్పాడు. "పోదాం పా. నీ అసొంటి రోగం నాకు లేదని గా మిషన్‌తోనే చెప్పిస్త. నా కండ్లు నిప్పులు. నేను ఆడింది ముమ్మాటికి నాటకమే అని నువ్వు గూడ ఇను."

కరీంనగర్‌లో ఆ చుక్కల పరీక్ష గిన్నె ముందు ఆయన్ను కూర్చోబెట్టారు. జన్మలో మొదటిసారి మా అన్న పరీక్ష నిజాయితీగా రాశాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. మీట మీద బొటనవేలు బిగించి, తుపాకి పట్టుకున్నట్టు కూర్చున్నాడు. చాలాసేపు ఆ వేలు కదల్లేదు. ఎప్పుడో ఒకసారి టక్కుమనేది. మళ్లీ నిశ్శబ్దం.

బయటికి వచ్చి కళ్లు నులుముకుంటూ నవ్వాడు.

"ఒక్కటి గూడ ఇడువలే తమ్మీ. వచ్చినయి వచ్చినట్టు నొక్కిన. గని గిన్నే లైట్లా? ఇంత పెద్ద డబ్బా పెట్టి గిన్ని తక్కువ కొడ్తరా?"

ఎన్ని లైట్లు వస్తాయో నాకు తెలుసు. ఫొటో మిషన్ దగ్గరికి ఆయన్ను నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఆయన చెయ్యి విదిలించుకున్నాడు.

డాక్టరమ్మ తెర మీద అన్న కళ్లు చూసింది. రెండు బొమ్మల్లోనూ గుంట తప్ప బిళ్ల మిగలలేదు.

"పెద్దాయనా, ఇది ఇప్పటిది కాదు. చాలా ఏళ్లనాటిది. ఇంతకుముందు ఎవరూ చెప్పలేదా?"

"నాకేం లేదు బిడ్డా. అన్‌ఫిట్ కోసం నాటకం ఆడిన, గంతే." ఇక అడగకుండానే స్టూళ్ల కథ చెప్పాడు. ఎప్పుడూ నవ్వు వచ్చే చోట ఆగి, నవ్వు కోసం చూశాడు. డాక్టరమ్మ నవ్వలేదు.

"మొదటిది మీరు చూసి తన్నారు," అంది. "రెండోది ఎక్కడుంది?"

"జర పక్కకు. కింద."

"అది మీకు కనపడి ఉండదు. ఆ రోజు కంటి డాక్టరు ఏమీ చెప్పలేదా?"

"ప్రెషర్ అన్నడు. మందు ఇచ్చిండు." అన్న గొంతు తగ్గింది. "రోగం లేనోనికి మందెందుకని పారబోసిన."

ఆ మాట మా అన్న అన్నట్టు లేదు. మగ్గం గుంటలోంచి అప్పుడే లేచి వచ్చిన కుర్రవాడెవరో అన్నట్టుంది. ఆ రోజు డాక్టరు మోసపోలేదు. ఆయన నిజం చూసి, నిజం రాసి, మందు ఇచ్చాడు. ఆ గదిలో మోసపోయిన మనిషి ఒక్కడే. తిరిగి వచ్చే బస్సులో అన్న నన్నొకటే అడిగాడు. "పారబొయ్యకుంటే ఉండునా తమ్మీ?" నాకు జవాబు తెలుసు. "ఏమోనే, ఇప్పుడున్నది కాపాడుకుందాం," అన్నాను. అబద్ధాలు ఆడటం అప్పటికి నాకు కొంచెం వచ్చింది.

ఇద్దరం ఒకే మందు మనుషులమయ్యాం. ఇంతటితో చౌరస్తా కథలు ఆగిపోతాయనుకున్నాను. నెల తిరక్కుండానే అన్న మళ్లీ పేపరు మడిచాడు. స్టూళ్లు మళ్లీ పడ్డాయి, నా మీద జోకు మళ్లీ పడింది. ఒకరోజు మా కొడుకు సెలవు మీద వచ్చి హోటల్లో నా పక్కన కూర్చుని ఉండగానే, అన్న నన్ను చూపించి అన్నాడు. "ఈనె కొడుకును గూడ మోసం చెయ్యబోయిండు. అది గూడ సక్కగ రాలే."

అన్నది అబద్ధం కాదు. అందుకే ఎక్కడో తగిలింది. కొడుకు గ్లాసు కింద పెట్టాడు. సిగ్గుతో ఒళ్లు కాలుతుంటే నేను లేచి నిలబడ్డాను.

"నేను దొంగనే," అన్నాను. "మా అన్నను మాత్రం అనకున్రి. ఆయన ఎన్నడు ఎవ్వల్ని మోసం చెయ్యలే. కరీంనగర్ మిషన్ చూసి చెప్పింది, బోర్డుకు పోయిననాటికే మా అన్నకు కండ్లు నిజంగనే పోతున్నయి. బోర్డు ముంగట గూడ సత్యమే పలికిండు. ఇంత నిజాయితిపరుడు మన కాలనీల లేడు."

హోటల్లో ఎవరూ నవ్వలేదు. పొయ్యి దగ్గరి హోటలాయన వడపోత ఆపి, "అయితె కాకా, గిన్నేండ్లు గా ముచ్చట ఉత్తదేనా?" అన్నాడు.

"అరె, కాదురా. నేను మోసమే చేసిన," అన్నాడు అన్న. ఆయన గొంతు బతిమాలుతున్నట్టు ఉంది. "అవ్వతోడు, మోసమే చేసిన."

ఒక్కరూ నమ్మలేదు.